సుంకమ్మ చేతి విత్తనం

మా అత్త సుంకమ్మకు ఊళ్లో ఉన్న మర్యాదంతా ఒక్క కుండ పుణ్యం. వంటింటి దూలానికి ఉట్టి కట్టి వేలాడదీసిన నల్ల కుండ. అందులో బూడిద, వేపాకు కలిపి కొర్ర విత్తనం పోసి, మూతికి పేడ మెత్తి ఉంచేది. పెద్దకడుబూరు చుట్టుపక్కల ఊళ్లన్నీ పత్తి వెంట పడి కొర్ర ముఖం మరిచిపోయినా, "సుంకమ్మ ఇంట్లో ఉంటాదిలే" అనే మాట మాత్రం పోలేదు. నేను కౌతాళం వైపు కాలువ కింద వరన్నం తిని పెరిగినదాన్ని. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి స్నానం చేయకుండా ఆ ఉట్టిని తాకానని అత్త పొద్దుగూకేదాకా తిట్టింది. నేనేమైనా తక్కువ తిన్నానా, మాటకు మాట అంటించాను. మా ఇద్దరి నోళ్లకూ ఊళ్లో పేరుంది.

ఇప్పుడు చెప్పేది పోయిన ఏడు వానాకాలం సంగతి. ఆ కాలం ముగిసేసరికి మా ఇద్దరి నోళ్లూ మూతపడ్డాయి.

ఎండాకాలం చివర్లో అపర్ణ మేడం స్కూటీ వేసుకుని మా ఊరికి రావడం మొదలుపెట్టింది. మంత్రాలయం దగ్గర పంతుళ్ల ఇంటి పిల్ల. ఎమ్మిగనూరులో రైతుల కోసం పనిచేసే ఒక సంస్థలో ఉంది. ఆ సంస్థవాళ్లు ఎమ్మిగనూరులో ఒక అంగడి తెరిచారు. మందు కొట్టకుండా పండించిన జొన్న, సజ్జ, కొర్ర, నూనెకు వాడే గురెళ్లు మా దగ్గర కొని, ఈ చుట్టుపక్కల తినేవాళ్లకే అమ్ముతారు. పిల్లల హాస్టళ్లకు కూడా పంపుతారు. కొర్ర పొట్టు తీసే మర ఊరికే ఇస్తామన్నారు. పత్తికి మందు డబ్బాలు మోసీ మోసీ వీపులు పుండ్లయిన ఆడవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? మా వీధి ఆడవాళ్లమంతా సంఘంగా కూడాం.

"ఒకటే సమస్య" అన్నది మేడం మొదటి మీటింగులో. "కొత్త రకం విత్తనం వద్దు. ఈ నేల ఎరిగిన పాత విత్తనమే కావాలి. ఎవరి దగ్గరైనా ఉందా?"

అందరి తలలూ ఒక్కసారి మా అత్త వైపు తిరిగాయి. ఆమె ఆకువక్క నములుతోంది. నమలడం ఆపింది.

"ఏం సుంకమ్మక్కా, నీ కుండ ఉంది గదా" అన్నది ఎదురింటి అంజనమ్మ.

అత్త కాసేపు నేల చూసింది. తర్వాత, "అడిగినోళ్లకు ఇత్తనం ల్యాదనకూడదు" అన్నది.

మేడం లేచి వచ్చి అత్త చేతులు పట్టుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకంటే గట్టిగా ఎవరూ కొట్టలేదు. రోజూ నాతో ఉప్పుకూ పప్పుకూ పోట్లాడే మనిషి ఊరందరికీ పెద్ద దిక్కని చూసుకుని గర్వపడ్డాను.

చప్పట్లు కొట్టినవాళ్లలో మా పక్కింటి మహాదేవి ఉంది. దాని మొగుడు కామెర్లొచ్చి పోయాడు. వంక పక్కన ఉన్న చేను ఒక్కటే ఆధారం. మిగతావాళ్లం పత్తిలోనే కొన్ని సాళ్లు కొర్ర వేద్దామనుకుంటే, మహాదేవి మాత్రం చేనంతా కొర్రే వేస్తానన్నది.

"నాకు మందు కొట్టేకి ఎవరున్నారు కవితా? అందరి కాళ్లూ పట్టుకోవల్ల. కొర్రయితే మందు వద్దు, మాకు వద్దు. సుంకమ్మత్త సేతి ఇత్తనం సాలు నాకు" అన్నది.

"మొత్తం వేస్తే ఎట్ల? కొంచెం పత్తి పెట్టుకోరాదా?" అన్నాను.

"అనుమానం పెట్టుకుని ఇత్తనం సల్లకూడదు" అన్నది. నవ్వింది కూడా.

మా వైపు విత్తనం అమ్మరు. ఒడిలో పోస్తారు. పంట చేతికొచ్చాక పడికి పడిన్నర లెక్కన తెచ్చి, పోసినవాళ్ల ఒడిలో తిరిగి పోయాలి. దీన్ని నాగు అంటారు. మళ్లీ మృగశిర కార్తెలో మిరుగు వానలు పడేలోపు నాగు తీర్చని ఇంటికి ఇంకెవరూ విత్తనం పోయరు. కాబట్టి తిండి మానేసి అయినా తీరుస్తారు.

మిరుగు కార్తెలో మంచిరోజు చూసి అందరూ మా ఇంటికి వచ్చారు. మేడం కూడా వచ్చింది. కుండ దింపాను. మూతికి మెత్తిన పేడ ఇంకా పచ్చి వాసన వేస్తోంది. అత్త ఏటా మళ్లీ మెత్తుతుంది కదా అనుకున్నాను. మేడం తన సంచిలోంచి ఒక తెల్ల గుడ్డ తీసింది.

"ముందు కొన్ని గింజలు తడిగుడ్డలో కట్టి పెడదామా? మొలక ఎట్ల వస్తుందో చూసుకుని అప్పుడు విత్తుకుందురు."

మాకందరికీ నవ్వొచ్చింది. అంజనమ్మకు కోపమే వచ్చింది. "ఏం మేడం, సుంకమ్మ సేతి ఇత్తనానికి పరీచ్చ పెడతావా? తల్లి పాలు రుచి సూసి తాగుతారా యాడన్నా?"

"మా అత్తతో అన్నావు గాబట్టి సరిపోయింది. ఇంకొకరితో అనేవు" అని నేనూ ఒక మాట వేశాను. మేడం ముఖం ఎర్రబడింది. గుడ్డ మడిచి మళ్లీ సంచిలో పెట్టుకుంది. అత్త మాత్రం నవ్వలేదు. పెద్దరికం అనుకున్నాను.

"నాకు మోకాళ్లు లేస్తల్యావు. నువ్వే పొయ్యి" అన్నది నాతో.

అలా నా చేత్తోనే పోశాను. ఒక్కొక్కరు ముందుకొచ్చి కొంగు పట్టారు. మహాదేవి ఒడిలో అందరికంటే ఎక్కువ పోశాను. అది కొంగు ముడి వేసుకుని, వంగి మా అత్త కాళ్లకు మొక్కింది. అత్త గభాలున కాళ్లు వెనక్కి లాక్కుంది.

*

ఆరుద్రలో వాన పడింది. మహాదేవి చేనుకు మా ఊరి కృష్ణప్ప తన ఎద్దులతో విత్తే గొర్రు తోలాడు. మొదటి పిడికెడు ముత్తైదువ చేత వేయించాలని ఆచారం. అంజనమ్మ వస్తానని మాటిచ్చి రాలేదు. పైన మబ్బు కమ్ముకొస్తోంది. ఇంక ఆగలేక మహాదేవే తన చేత్తో విత్తనం వేసింది.

ఆ విత్తనం సరిగా మొలవలేదు. మా సాళ్లలోనూ అంతే గానీ, పత్తి మధ్యలో నాలుగు సాళ్లు పలచబడితే ఎవరికి పట్టింది? చీమలు తిన్నాయని ఒకరు, వానకు మన్ను గట్టిపడిందని ఒకరు సర్దిచెప్పుకున్నారు. మహాదేవి చేను మాత్రం బొచ్చు ఊడిన కుక్క వీపులా ఉంది. వచ్చినవి కూడా ఒక తీరుగా లేవు. ఒక మొక్క మోకాలెత్తు, పక్కది జానెడు. మధ్యలో ఎక్కడిదో జొన్న, పేరు తెలియని గడ్డి ఒకటి.

కొళాయి దగ్గర అంజనమ్మ మొదలుపెట్టింది. "మొగుడు ల్యాని మనిషి మొదటి పిడికెడు వేస్తే ఇంకేమైతాది?" తను వస్తానని రాని సంగతి మాత్రం చెప్పలేదు. ఆ మాట వీధి చివరిదాకా పోయి, మహాదేవి గడప తొక్కింది.

ఒకరోజు పొద్దున అది మా ఇంటికి వచ్చి, అత్త ముందు కూర్చుని రెండు అరచేతులూ చాచింది.

"సూడు అత్తా. నా సేతిలోనే ఏదో ఉంది. ఆయప్ప పోయినాడు. ఇప్పుడు నీ ఇత్తనం గూడా నా సేతిలో పడి పాడయిపాయె. ఎంత బంగారట్లా ఇత్తనం!"

అత్త ఆ చేతుల వైపు చూడలేదు. "గమ్మునుండు మాదేవీ. వాన సరిగా ల్యాదు" అన్నది.

"వాన అందరికీ ఒకటే గదా అత్తా."

"సేయి ఏం చేసింది? పిచ్చి మాటలు" అని నేనూ కసిరాను. అప్పటికి నాకేమీ తెలియదు. ఆ రోజు దాని చేయి పట్టుకుని ధైర్యం చెప్పగలిగాను. తర్వాత అది కూడా చేతకాలేదు.

మేడం వచ్చి చేను చూసింది. గట్టు మీద చాలాసేపు నిలబడింది. "తప్పు నాదే" అన్నది. "ఆ రోజు గుడ్డలో కట్టి చూసి ఉండాల్సింది. మీరు నవ్వినారని ఊరుకున్నాను." సంస్థవాళ్లతో మాట్లాడి మహాదేవికి ఉలవలు తెచ్చి ఇచ్చింది. ఆలస్యంగా వేసినా ఉలవ వస్తుంది. మహాదేవి సగం చేను దున్నించి ఉలవలు చల్లింది. మిగతా సగంలో ఉన్న కొర్రను మాత్రం చెడపనివ్వలేదు. సుంకమ్మత్త పోసిన విత్తనం మీద గుంటక తోలనన్నది. ఉన్న ఆ కాసిని వెన్నులకు పొద్దున్నుంచి పిట్టలు తోలుతూ కూర్చునేది.

*

శ్రావణంలో ఒక సాయంత్రం వాన దంచి కొడుతోంది. మా ఆయన ఎర్రిస్వామికి లగేజీ ఆటో ఉంది. ఆదోనికి పత్తి, వేరుశనగ బుడ్డలు తోలుతాడు. ఆటో వీధి మొదట్లోనే బురదలో దిగబడితే, ఒక ప్లాస్టిక్ సంచిని కొప్పెరలా మడిచి నెత్తిన వేసుకుని నడిచొచ్చాడు. ఆ సంచి మీద పచ్చ చిలక ఒకటి, నీలం చిలక ఒకటి ముక్కూ ముక్కూ రాసుకుంటున్నాయి.

అత్త పొయ్యి దగ్గర జొన్నరొట్టె తడుతోంది. నాకు ఊరుకునే నోరా?

"ఏం సామీ, చిలకలను నెత్తిన పెట్టుకుని వచ్చినావు? ఎవురికి తెచ్చినావు మేత, నాకా మీ అమ్మకా?"

ఆయన నవ్వబోయి, సంచి తీసి చూసుకుని, నవ్వు మింగేశాడు. అమ్మ వైపు చూశాడు. అత్త చేతిలో రొట్టె సగంలో ఆగింది. ఆ చూపు నేను చూడకపోయి ఉంటే ఆ సంచి సంగతి అక్కడితో పోయేది.

"ఏముంది ఆ సంచిలో?" అన్నాను.

"ఏం ల్యాదు. ఆటోలో పడుంటే వేసుకుంటి."

"ఏముండె అంటాండా."

ఆయనకు అబద్ధం చేతకాదు. "కొర్రలు. పిట్టల మేత అమ్ముతారు ఆదోనిలో. పొట్టు తీయనివి ఆడ తప్ప యాడా దొరకల్యా. అమ్మే తెమ్మన్నాది. ఏంటికని నేను అడగల్యా" అన్నాడు.

పచ్చి పేడ వాసన గుర్తుకొచ్చింది. నా చేత్తో పోసిన కొంగులన్నీ గుర్తుకొచ్చాయి. పొయ్యి దగ్గరికి పోయి నిలబడ్డాను.

"కుండలోది ఏమాయె అత్తా?"

ఆమె రొట్టె పెనం మీద వేసి, నీళ్లు తడిపి, తిప్పింది. "తిన్నాము" అన్నది.

"తినడమేంటి? ఇత్తనం ఎవురన్నా వండుకుంటారా?"

"నేనూ సంతోషీ తిన్నాము. మీరు సుగ్గికి పోయినప్పుడు."

అంతకు ముందు ఏడు వాన ఎగబెట్టి పత్తి ఎండిపోతే, ఊళ్లో సగంమంది లాగానే మేమూ గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోయాం. దాన్నే సుగ్గి అంటాం. మా కూతురు సంతోషి బడి మానకూడదని అత్త దగ్గర వదిలాం. ఇంట్లో జొన్నలున్నాయి, చాలు అనుకున్నాం. శివరాత్రికి వస్తామని పోయి ఉగాదికి వచ్చాం. రేషన్ కార్డు మాతోనే తీసుకుపోయాం. ఎక్కడైనా వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు కదా. ఇంట్లో అందరి బియ్యమూ నేనే అక్కడ వేలిముద్ర వేసి తీసుకున్నాను. ఒకచోట తీసుకుంటే ఇంకోచోట ఇవ్వరని నాకు తెలుసు. తెలిసి కూడా, ఇక్కడ వీళ్లు ఏం తింటున్నారని ఆలోచించలేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ, "తిన్నారా అత్తా?" అంటే "తిన్నామమ్మా" అనేది.

"పక్కింట్లో అడగకూడదా?" అన్నాను. నా గొంతు నాకే దొంగ గొంతులా వినిపించింది.

"ఏమని అడగల్ల? కొడుకూ కోడలూ నా బియ్యం గూడా తీసుకుని పోయినారని సెప్పి అడగల్నా?"

మా వైపు విత్తనం వండుకు తిన్న ఇల్లంటే పాడుపడిన ఇంటికంటే హీనం. ఆ మాట పడలేక మీటింగులో ఉందని చెప్పింది. ఉందని చెప్పినందుకు కుండ నింపాల్సి వచ్చింది. ఆ రొట్టె మాడిపోయింది. ఎవరం తీయలేదు.

నాకు సిగ్గేసింది. ఆమె చేసిన పనికి ఊరి ముందు సిగ్గు, నేను చేసిన పనికి ఆమె ముందు సిగ్గు. ఏ మాట ఎత్తినా అది తిరిగి తిరిగి నా వేలిముద్ర దగ్గరికే వచ్చేది. మింగలేను, కక్కలేను. కొళాయి దగ్గర ఎవరు విత్తనం మాట ఎత్తినా గుమ్మడికాయల దొంగలా బిందె సగం నిండకుండానే ఎత్తుకుని వచ్చేసేదాన్ని. మహాదేవి గడప ముందు నుంచి పోవడం మానేసి వెనక సందులోంచి తిరిగి పోయేదాన్ని. చేను చూసుకోవడమూ, కౌతాళం వైపు వరిలో కలుపు తీసే కూలికి పోవడమూ, ఈ రెంటితో మహాదేవి ఎండిపోయింది. మా సంతోషి ఎదురొస్తే మాత్రం, "దూరంగా పో తల్లీ, నా సేయి తగలనీకు" అనేదట. ఆ మాట సంతోషి వచ్చి చెప్పిన రోజు అత్త అన్నం ముట్టలేదు. నేనూ ముట్టలేదు. అయినా ఇద్దరం నోరు విప్పలేదు.

*

దసరా వెళ్లాక ఒక మధ్యాహ్నం అత్త, అంజనమ్మ మా ఇంటి ముందు అరుగు, జగిలి మీద కూర్చుని ఉలవలు చెరుగుతున్నారు. నేను గడపలో కూర్చుని సంతోషి గౌనుకు కుట్టు వేస్తున్నాను. మహాదేవి వచ్చింది. తలకు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని, చంకలో గంప పెట్టుకుని వచ్చింది.

"నాగు తెచ్చినా అత్తా. ఒడి పట్టు."

అత్త చేట కింద పెట్టింది. "నీకు పండిందేముంది మాదేవీ? ఈ ఏడు వద్దులే."

"వద్దనాకు అత్తా. నాగు బాకీ పెట్టుకుంటే రేపు నాకు ఇత్తనం పోసేదెవరు? సేయి మంచిది గాదంటాండారు, మాట గూడా మంచిది గాదనిపించుకోవల్నా?"

అత్త కొంగు పట్టింది. మహాదేవి గంప వంచింది. పసుపుపచ్చగా నిగనిగలాడే గింజలు. బూడిద వాసన లేదు. మధ్య మధ్య ఎర్ర జొన్నగింజలు, పేరు తెలియని తెల్లగింజలు. చూడగానే గుర్తుపట్టాను. నా చేతిలోంచి జారిన గింజలను నేను గుర్తుపట్టనా? సూది వేలికి దిగింది.

అంజనమ్మ ఒక పిడికెడు తీసి చూసి కిసుక్కున నవ్వింది. "ఇన్ని పండినాయా నీ సేన్లో? పిట్టలు తోలేదే సూస్తిమి గానీ."

"సేన్లోవే" అన్నది మహాదేవి. తల ఎత్తలేదు. చెవుల కొసలదాకా ఎర్రబడిపోయింది. అబద్ధం మా ఇంటిది, ఆ ఎరుపు దాని ముఖానికి అంటుకుంది. నేను అత్త వైపు చూశాను. ఆమె కొంగులోని గింజలను వేళ్లతో అటూ ఇటూ కదిలిస్తోంది.

"చిలకల బొమ్మ సంచిలోవా?" అన్నది మెల్లగా.

మహాదేవి ఉలిక్కిపడింది. దొరికిపోయాననుకుంది. అక్కడే కూలబడి అత్త పాదాలు పట్టుకుంది.

"తప్పయిపాయె అత్తా. అంగట్లోవే. పొట్టు తీయనివి ఇంకెక్కడా దొరకల్యా. నీ ఇత్తనానికి సాటి రావని తెలుసు. నాగు ఎగ్గొట్టినానంటారని..."

"లెయ్యి" అన్నది అత్త. "లెయ్యి మాదేవీ. నేను నీకు పోసినవి గూడా ఆ సంచిలోవే."

అంజనమ్మ పిడికిలి తెరుచుకుని గింజలు జగిలి మీద పడ్డాయి. మహాదేవికి అర్థం కాలేదు. అత్తను చూసి, తర్వాత నన్ను చూసింది. ఏదో ఒకటి అని నవ్వించేదాన్ని నేనే కదా ఎప్పుడూ. అవునన్నట్టు తల ఊపాను.

చాలాసేపు అది తన అరచేతులు చూసుకుంటూ కూర్చుంది.

"అయితే నా సేయి కాదా?" అన్నది.

ఆ అరచేతులు అత్త ముందుకు చాచింది.

"నా సేయి కాదా అత్తా?"

"కాదు తల్లీ" అన్నది అత్త.

మహాదేవి తిట్టలేదు, ఏడవలేదు. ఖాళీ గంప తీసుకుని లేచి పోయింది. తిట్టి ఉంటే మాకు కొంచెం బాగుండేది.

అది పోయాక అంజనమ్మకు నోరు వచ్చింది. "మరి నీ కుండలోది ఏమాయె సుంకమ్మక్కా?"

"తిన్నా" అన్నది అత్త.

నాతో చెప్పినప్పుడు తిన్నాము అన్నది. ఇప్పుడు తిన్నా అన్నది. సంతోషి పేరు రానీయలేదు, సుగ్గి మాట ఎత్తలేదు, బియ్యం మాట ఎత్తలేదు. నేను గడపలో కూర్చుని వింటున్నాను. చెప్పాల్సింది నేను. సూది గుచ్చుకున్న వేలు నోట్లో పెట్టుకుని ఊరుకున్నాను.

పొద్దుగూకే లోపల ఊరంతా తెలిసింది. విత్తనాల సుంకమ్మ పోయి విత్తనం మింగిన సుంకమ్మ అయింది. తర్వాతి మీటింగుకు అత్త తనే లేచి పోయింది. నిలబడి మేడంతో కూడా చెప్పింది.

"ఎందుకు తిన్నావు అవ్వా?" అని అడిగింది మేడం. కోపంగా అడగలేదు.

"ఆకలాయె."

అప్పుడు లేచాను. బియ్యం సంగతి, కార్డు సంగతి, నా వేలిముద్ర సంగతి చెప్పాను. చెబితే గుండె తేలికవుతుందంటారు. నాకు కాలేదు. అందరూ నా ముఖం చూశారు, తర్వాత ఎవరి ముఖాలు వాళ్లు చూసుకున్నారు. సుగ్గికి పోయినవాళ్లు అక్కడ ఇంకా చాలామంది ఉన్నారు. మహాదేవి ఆ రోజు మీటింగుకు రాలేదు.

ఇంటికొచ్చాక అత్త కుండ దింపి, కడిగి, బోర్లించింది. అప్పటినుంచి ఉప్పు ఎక్కువైనా నన్ను తిట్టలేదు. తిడితే బాగుండునని కావాలనే ఒకరోజు పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. మారు మాట్లాడకుండా తినేసింది.

*

ఈ ఏడు మిరుగుకు సంఘం విత్తనం మహాదేవి తెచ్చింది. సి.బెళగల్ వైపు దాని చిన్నమ్మ ఇంట్లో పాత కొర్ర ఇంకా పండిస్తున్నారని తెలిసి, మేడంతో కలిసి పోయి తెచ్చింది. చిన్నమ్మకు నాగు తీర్చే పూచీ సంఘానిది. ఇప్పుడు మేడం ఎవరినీ అడగదు. ముందే తడిగుడ్డలో కట్టి, మొలక చూశాకే పంచుతారు. అంజనమ్మతో సహా అందరూ ఆ గుడ్డ చుట్టూ మూగి చూశారు.

అత్త రానన్నది. నేనే చేయి పట్టుకుని తీసుకుపోయాను. ఇద్దరం చివర్లో నిలబడ్డాం. ఒక్కొక్కరూ కొంగు పడుతుంటే మహాదేవి పోస్తోంది. తన చేత్తోనే పోస్తోంది.

మా వంతు వచ్చింది. అత్త కొంగు చాచబోయింది. మహాదేవి కొలిచే పడిని పక్కన పెట్టి, మడిచి ఉంచిన ఆ గుడ్డను మళ్లీ తీసుకుంది. అత్త ముందు మడత విప్పింది. తెల్లటి మొలకలు, గింజ గింజకూ వచ్చాయి.

"మొలక సూసుకో అత్తా" అన్నది.

దాని గొంతులో ఎత్తిపొడుపు లేదు. వెతికాను, లేదు. పెద్దవాళ్లకు చూపించాల్సింది చూపించినట్టే చూపించింది. అత్త వంగి చూసింది. ఒక మొలకను వేలి కొసతో తాకింది.

"బాగుంది" అన్నది. "వచ్చే ఏటికి పడిన్నర తెచ్చి పోస్తా మాదేవీ."

"పొయ్యి అత్తా" అన్నది మహాదేవి, పడి నింపుతూ. "గుడ్డలో కట్టి సూసే తీసుకుంటా."

"సూసుకోవల్ల తల్లీ" అన్నది మా అత్త, ఒడి పట్టింది.